మైదానం ఆఖరున మూయాలి, మొదట తెరవాలి!

ఊర్జానగర్, దుర్గాపూర్ తెలుగు కుటుంబాలకు విజ్ఞప్తి



వచ్చే గ్రామసభలో ఒక తీర్మానం పెట్టించాలి. అందుకు ఇంటికొకరైనా కదిలి రావాలి. మళ్లీ ఏదైనా మహమ్మారి వస్తే మన ఊళ్లో ఆటస్థలం, తోట, నడక బాట అన్నిటికన్నా ఆఖరున మూతపడాలి, అన్నిటికన్నా ముందు తెరుచుకోవాలి. ఎవరు మూస్తారు, ఏ కారణం మీద మూస్తారు, ఎన్నాళ్లకు తెరుస్తారు అన్నది ఇప్పుడే కాగితం మీదికి రావాలి. జబ్బు గుమ్మంలోకి వచ్చాక కూర్చుని మాట్లాడుకునే తీరిక ఎవరికీ ఉండదు.

2020 మార్చి 24 అర్ధరాత్రి దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది. అప్పటికి వైరస్ గురించి తెలిసింది తక్కువ, ఆసుపత్రులు సిద్ధంగా లేవు. ఆ మొదటి వారాల్లో అన్నీ మూసినందుకు మేం ఎవరినీ తప్పుపట్టం. ఆ తర్వాత 'మిషన్ బిగిన్ అగైన్' పేరుతో మహారాష్ట్ర ప్రభుత్వం మే 31న ఇచ్చిన ఉత్తర్వు మంచిది. జూన్ 3 నుంచి ఉదయం 5 మొదలు సాయంత్రం 7 దాకా తోటల్లో, మైదానాల్లో నడవొచ్చు, పరుగెత్తొచ్చు, సైకిల్ తొక్కొచ్చు, పిల్లల వెంట పెద్దవాళ్లు ఉంటే చాలన్నారు. జిమ్‌లకు అక్టోబరు 25 దాకా ఆగమన్నారు. ఈత కొలనులు నవంబరు 5న తెరిచినా, అదీ క్రీడాకారుల శిక్షణకే. నాలుగు గోడల మధ్య పదిమంది రొప్పుతూ చేసే వ్యాయామం వేరు, చెట్ల కింద నడక వేరు. ఆ తేడాను ప్రభుత్వం 2020లో సరిగ్గానే గుర్తించింది.

రెండో వేవ్ తర్వాత ఆ తేడా మరుగున పడింది. 2021 జూన్ 7 నుంచి జిల్లాలను, పట్టణాలను ఐదు స్థాయిలుగా విడగొట్టారు. మూడో స్థాయిలో మైదానం, నడక, సైకిల్ ఉదయం 5 నుంచి 9 దాకానే. అదే స్థాయిలో హోటళ్లలో సగం కుర్చీలు నింపి, సోమవారం నుంచి శుక్రవారం దాకా సాయంత్రం 4 వరకు కూర్చోబెట్టి తినిపించవచ్చు. మాస్కు తీస్తేగానీ తినలేని చోట పగలంతా అనుమతి, గాలి ఆడే చోట నాలుగు గంటలు! జూన్ 25 ఉత్తర్వుతో రాష్ట్రంలో ఏ ప్రాంతమూ మూడో స్థాయి కన్నా సడలింపు పొందడానికి వీల్లేకుండా పోయింది. ఆగస్టు 2 ఉత్తర్వు దాకా అంతే.

ఆ నాలుగు గంటలు ఎవరికి పనికొస్తాయో మన ఊరు మాత్రమే చెప్పగలదు. థర్మల్ స్టేషన్‌లో, బొగ్గు గనిలో రాత్రి పాళీ దిగి ఇంటికొచ్చి, స్నానం చేసి, నాలుగు ముద్దలు తినేసరికి గడువు అయిపోతుంది. పొద్దున పాళీకి పోయేవాళ్లు ఆ గంటల్లో ఇంట్లోనే ఉండరు. డబ్బా కట్టి, పిల్లలను లేపి, నీళ్లు పట్టే ఆడవాళ్లకు ఊపిరి తిరిగేది సాయంత్రమే. ముంబైలో కూర్చుని రాసిన సమయం పాళీల ఊరికి సరిపోదని ఆనాడు ఊరి తరఫున చెప్పేవాళ్లు ఉండాల్సింది. ఇకముందైనా ఉండాలి.

2022 జనవరి 8 నాటి ఉత్తర్వు ఇంకా విచిత్రం. జంతు ప్రదర్శనశాలలు, టికెట్ పెట్టి చూసే కోటలు మూసేశారు. కోట అంటే ఆకాశం కిందే ఉండేది! అదే ఉత్తర్వులో సినిమా హాళ్లకు, మాల్స్‌కు సగం మందితో నడుపుకోమని అనుమతి ఉంది. వ్యాపారం చేసేవాళ్లకు మాట్లాడే సంఘాలున్నాయి, వాళ్ల నష్టానికి లెక్క ఉంది. వాళ్ల బతుకు వాళ్లు కాపాడుకోవడం తప్పు కాదు. మైదానంలో ఆడే పిల్లాడి తరఫున, అక్కడ నడిచే షుగర్ రోగి తరఫున ఏ సంఘమూ లేదు. గ్రామసభ ఒక్కటే ఉంది.

మేం సరదా కోసం ప్రాణాలు పణంగా పెట్టమనడం లేదు. శాస్త్రం ఏం చెప్పిందో చూడండి. చైనాలో మొదటి వేవ్ నాటి 7,324 కేసులను పరిశోధకులు పరిశీలించారు. ముగ్గురు, అంతకు మించి ఒకేచోట జబ్బుపడిన 318 సందర్భాలూ గోడల లోపలివే. ఆరుబయట అంటుకున్నట్టు దొరికింది ఒకే ఒక్క ఘటన, అందులో ఇద్దరే. 'జర్నల్ ఆఫ్ ఇన్ఫెక్షియస్ డిసీజెస్'లో వచ్చిన సమీక్ష కూడా పలు పరిశోధనలను కలిపి చూసి, ఆరుబయట అంటుకున్న కేసులు పదో వంతు కూడా లేవని తేల్చింది. ఆరుబయట ప్రమాదం సున్నా అని వీటి అర్థం కాదు. గుంపుగా ఒకరి మీద ఒకరు పడితే ఎక్కడైనా అంటుకుంటుంది. కానీ జనాన్ని మైదానం నుంచి తరిమితే వాళ్లు చేరేది రెండు గదుల క్వార్టర్‌లోకే. అక్కడ గాలి ఎంత ఆడుతుందో మనకు తెలుసు.

"ఆటలదేముంది, ముందు ప్రాణం నిలవాలి కదా" అని పెద్దవాళ్లు అంటారు. ఆ మాటను మేం తేలిగ్గా తీసుకోం. ఈ రోగంలో చాలా ఇళ్లు మనుషులను పోగొట్టుకున్నాయి. అయితే పెద్దాయనా, కరోనా ఎవరిని ఎక్కువగా కుంగదీసింది? షుగర్, ఊబకాయం, గుండె జబ్బు ఉన్నవాళ్లను. వాళ్లకు డాక్టరు మందుతోపాటు రాసేది నడకనే. పిల్లల సంగతి చెప్పనక్కర్లేదు. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో, మహమ్మారి నడుస్తుండగానే చెప్పింది.

పైగా మనది మామూలు ఊరు కాదు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని పారిశ్రామిక ప్రాంతాల కాలుష్య తీవ్రతకు వేసిన మార్కుల్లో మన చంద్రపూర్‌కు 83.88 వచ్చింది, దేశంలో నాలుగో స్థానం. బూడిద, బొగ్గు ధూళి మధ్య కాస్త పచ్చగా ఉన్న చోటే మన ఊపిరితిత్తులకు ఆసరా. ఇక తోట మూసేస్తే రోడ్డు మీదే నడుద్దామంటే ఇక్కడ కుదరదు. 2022 ఫిబ్రవరిలో థర్మల్ స్టేషన్ ఆవరణలో ఒక కార్మికుణ్ని పులి చంపింది. ఆ వెంటనే దుర్గాపూర్‌లో ఒక కుర్రాణ్ని చిరుత ఎత్తుకుపోయింది. తాడోబా అడవిని ఆనుకుని బతికే మనకు కంచె, వీధి దీపాలు ఉన్న మైదానం అవసరం. అక్కడ తాళం వేస్తే పిల్లలు పొదల పక్క ఖాళీ జాగాల్లో ఆడుకుంటారు. ఆ ప్రమాదాన్ని ఏ ఉత్తర్వూ లెక్కలోకి తీసుకోలేదు.

తాళం తీయించిన చోట్లు ఉన్నాయి. లండన్‌లో లాంబెత్ కౌన్సిల్ 2020 ఏప్రిల్ 5న బ్రాక్‌వెల్ పార్కు మూసేసింది. అంతకు ముందురోజు మూడు వేల మందికి పైగా వచ్చారన్నది కారణం. తోటలు లేని ఇరుకు ఇళ్లలో ఉండేవాళ్లు ఏమైపోవాలని జనం అడిగారు. కొద్ది రోజుల్లోనే పార్కు తెరిచారు. అదే నెలలో పార్కులు తెరిచే ఉంచాలని అక్కడి మంత్రి కౌన్సిళ్లకు చెప్పాడు. జనం అడిగితే స్థానిక సంస్థ నిర్ణయం మారింది.

మన దగ్గర అడగాల్సింది ఎవరిని? ఇక్కడే చిక్కు. కాలనీలోని తోటలు, మైదానాలు థర్మల్ స్టేషన్ నడిపే మహాజెన్‌కో చూసుకుంటుంది. ఊరు గ్రామ పంచాయతీది. నాలుగు అడుగులు వేస్తే చంద్రపూర్ మహానగర పాలిక హద్దు. వీటన్నిటి పైన, విపత్తు వేళ, కలెక్టర్ అధ్యక్షతన జిల్లా విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ. ఒకరిని అడిగితే ఇంకొకరిని చూపిస్తారు. కానీ 2005 విపత్తు నిర్వహణ చట్టం 25వ సెక్షన్ ప్రకారం ఆ జిల్లా సంస్థలో ప్రజలు ఎన్నుకున్న స్థానిక ప్రతినిధి సహాధ్యక్ష స్థానంలో కూర్చుంటారు. 41వ సెక్షన్ స్థానిక సంస్థలకూ బాధ్యతలు అప్పగించింది. రాజ్యాంగం పదకొండో షెడ్యూలులో ఊరి ఉమ్మడి ఆస్తుల నిర్వహణ పంచాయతీల విషయంగా ఉంది. అంటే గ్రామసభ తీర్మానానికి పైకి వెళ్లే దారి ఉంది. మనం రాసి పంపకపోతే ఆ దారిన వెళ్లేదేమీ ఉండదు.

తీర్మానంలో ఈ మాటలు ఉండాలని కోరుతున్నాం. మైదానం మూయాలంటే రాతపూర్వక కారణం, గడువు తేదీ గేటు మీద అంటించాలి. 15 రోజులకు మించిన మూత ఏదైనా మళ్లీ చర్చించకుండా కొనసాగకూడదు. మూసే ముందు రద్దీ తగ్గించే మార్గాలన్నీ చూడాలి: వేర్వేరు గేట్లు, పిల్లలకు ఒక వేళ, ముసలివాళ్లకు ఒక వేళ, ఆడవాళ్లకు సాయంత్రం ఒక వేళ, పాళీల వాళ్లకు పగటి వేళ. వ్యాయామశాల, వాచనాలయం, సమాజ భవనం వంటి గదుల్లో కిటికీలు, గాలి మార్పిడి ఇప్పుడే సరిచేయాలి, లోపల ఎంతమంది పట్టొచ్చో లెక్క కట్టి తలుపు మీద రాయాలి. బతుకమ్మ, గణపతి వంటి పండుగలకు మైదానం ఎలా వాడుకోవాలో ఆయా మహిళలతో, మండళ్లతో ముందే మాట్లాడాలి. మహాజెన్‌కో, పంచాయతీ కలిసి కూర్చునే కమిటీ ఒకటి వేసి, అందులో కార్మికులకు, మహిళలకు చోటివ్వాలి. నోటీసులు మరాఠీ, హిందీలతోపాటు తెలుగులోనూ ఉండాలి. చదవలేని నోటీసు ఉన్నా లేనట్టే.

మహారాష్ట్ర గ్రామ పంచాయతీ చట్టం ప్రకారం ఏడాదికి కనీసం నాలుగు గ్రామసభలు జరగాలి. ప్రతి గ్రామసభకు ముందు మహిళల సభ జరగాలి. అక్కలారా, ఈ విషయం మొదట అక్కడ లేవనెత్తండి, మీ సభ తీర్మానం బలంగా ఉంటే పెద్ద సభ దాన్ని పక్కన పెట్టలేదు. 2020, 2021, 2022లో మన తోటలు, మైదానాల మూత గురించి ఎవరు ఏ ఉత్తర్వులు ఇచ్చారో సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడుతున్నాం. దాని మీద సంతకం పెట్టేందుకు ముందుకొచ్చేవాళ్లు ఈ కరపత్రం ఇచ్చినవాళ్లకే చెప్పండి.

గ్రామసభకు వచ్చేటప్పుడు ఓటరు కార్డు వెంట తెచ్చుకోండి. మరాఠీలో మాట్లాడటానికి మొహమాటపడే పెద్దవాళ్ల పక్కన మన కాలేజీ పిల్లలు కూర్చుంటారు. మీ మాట మీరు తెలుగులోనే చెప్పండి, వాళ్లు దాన్ని మరాఠీలో సభకు వినిపించి, మినిట్స్ పుస్తకంలో రాయించేదాకా కదలరు.

— ఊర్జానగర్ తెలుగు కుటుంబాల తరఫున