వెంచరు వస్తే పంచాయతీకి మిగిలేదెంత?

2016 అక్టోబరులో పాత పాలమూరును విడగొట్టి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు చేసినప్పటి నుంచి జిల్లా కేంద్రాల చుట్టూ చెలకల్లో హద్దురాళ్లు మొలుస్తున్నాయి. 44వ నంబరు జాతీయ రహదారి పొడవునా కొత్తకోట, పెబ్బేరు, ఎర్రవల్లి చౌరస్తా దాకా అదే వరస. నిన్నటిదాకా వేరుశనగ పండిన నేలకు ఇప్పుడు రంగురంగుల కమాను.

వెంచరు వస్తే ఊరికి ఆదాయం వస్తుందని చెప్పి గ్రామసభల్లో చప్పట్లు కొట్టిస్తున్నారు. ఆ ఆదాయం ఎవరికి వస్తుందో చూద్దాం.

సాగు భూమిని వ్యవసాయేతర భూమిగా మార్చడానికి 2006 నాటి నాలా చట్టం కింద కట్టే రుసుం రాష్ట్ర ఖజానాకు పోతుంది. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కూడా అంతే. బదిలీ సుంకంలో స్థానిక సంస్థలకు వాటా ఉంది గానీ, అది ప్లాటు అమ్మినప్పుడు వచ్చేది, ఏటా వచ్చేది కాదు. పంచాయతీకి ఏటా రావలసింది ఇంటి పన్ను. ఇల్లు లేనిదే ఇంటి పన్ను ఎక్కడిది?

ఎకరా అంటే 4,840 గజాలు. రోడ్లకు, ఖాళీ స్థలానికి పోగా 200 గజాల ప్లాట్లు ఎకరాకు పన్నెండో పదమూడో పడతాయి. ఇరవై ఎకరాల వెంచరుకు రెండొందల యాభై ప్లాట్లు అనుకోండి. కొన్నవాళ్లలో చాలామంది హైదరాబాదులో ఉంటారు, ధర పెరిగితే అమ్ముకుందామని చూస్తుంటారు. అయిదేళ్లకు పది ఇళ్లు లేస్తే ఎక్కువ. ఆ పది ఇళ్ల కోసం వీధులన్నిటికీ దీపాలు వేయాలి, నీళ్ల పైపు గుంజాలి, మోరీ తీయాలి, చెత్త ట్రాక్టరు తిరగాలి. కరెంటు బిల్లు, డీజిల్, మల్టీపర్పస్ కార్మికుల జీతం అన్నీ పంచాయతీ మీదే. ఆర్థిక సంఘం గ్రాంట్లు ప్రధానంగా జనాభాను బట్టి వస్తాయి. ఖాళీ ప్లాటుకు జనాభా ఎక్కడిది?

అదే నేల చెలకగా ఉన్నప్పుడు పంచాయతీకి పన్ను కట్టలేదు, నిజమే. శిస్తు ఎప్పుడో రద్దయింది. కానీ వీధిదీపం అడగలేదు, మోరీ అడగలేదు. పైగా కూలీలకు పని ఇచ్చింది, మార్కెట్ యార్డుకు సరుకు ఇచ్చింది, వాన నీటిని భూమిలోకి దింపింది. ఈ ఆదాయం పంచాయతీ రశీదు పుస్తకంలో కనబడదు.

అమెరికాలో అమెరికన్ ఫార్మ్‌ల్యాండ్ ట్రస్ట్ అనే సంస్థ ఇలాంటి లెక్కలే తీయించింది. అనేక ప్రాంతాల అధ్యయనాలు కలిపి చూస్తే, నివాస స్థలాల నుంచి డాలరు ఆదాయం వస్తే వాటికి సేవలందించడానికి స్థానిక ప్రభుత్వానికి సుమారు 1 డాలరు 16 సెంట్లు ఖర్చవుతోంది. సాగు భూములకు నలభై సెంట్లు కూడా కావడం లేదు. అక్కడి పన్నులు వేరు, మన పన్నులు వేరు. ఆ అంకెలు ఇక్కడ అతకవు. లెక్క తీసే పద్ధతి మాత్రం మనకూ కావాలి.

అప్పు తీర్చడానికో బిడ్డ పెళ్లికో భూమి అమ్ముకున్న రైతును మేము తప్పుపట్టం. గిట్టుబాటు ధర వస్తే ఎవరు అమ్ముకుంటారు? ఇళ్లు కట్టొద్దని కూడా అనడం లేదు. ఊరిని ఆనుకుని, జనం నిజంగా ఉండే ఇళ్లు వస్తే పంచాయతీకి పన్నూ వస్తుంది, గ్రాంటూ పెరుగుతుంది. ఊరికి రెండు కిలోమీటర్ల దూరంలో, కాలువ కింది తరి పొలంలో రాళ్లు పాతడం వేరు. కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా ఎత్తిపోతలకు ప్రజల సొమ్ము పోసింది ప్లాట్లు తడపడానికా?

కాబట్టి అనుమతి మాట వచ్చినప్పుడు గ్రామసభలో మన సభ్యులు కాగితం మీద లెక్క అడగాలి. ఏటా వచ్చేదెంత, పోయేదెంత, ఆ తేడా ఎవరు భరిస్తారు? లేఅవుటులో పంచాయతీకి రావలసిన ఖాళీ స్థలం పంచాయతీ పేర రిజిస్టరయిందా? పనులు పూర్తి చేస్తామని తనఖా పెట్టిన ప్లాట్లను రోడ్డు, మోరీ, దీపాలు కళ్లతో చూడకముందే విడిపిస్తున్నారా? కొత్త సర్పంచులు వచ్చారు, కార్యదర్శులూ ఉన్నారు. వచ్చే గ్రామసభకు ఈ ప్రశ్నలు రాసుకుని వెళ్దాం, జవాబులు తీర్మానాల పుస్తకంలో రాయిద్దాం.