వాట్సాప్ గ్రూపు సమావేశం కాదు

మన ఊళ్ళలో కొన్నేళ్ళుగా ఒక కొత్త జబ్బు ప్రబలింది. ఏ సమస్య వచ్చినా ఒక వాట్సాప్ గ్రూపు పెట్టడం, అందులో వందమందిని చేర్చడం, ఉదయం ఒక సూక్తి, సాయంత్రం ఒక చిట్కా పంపడం, ఆ పైన అవగాహన కార్యక్రమం జయప్రదమైందని ప్రకటించుకోవడం. మధుమేహానికి ఒక గ్రూపు, క్షయకు ఒక గ్రూపు, చివరకు మద్యం మానదలచిన వారికీ ఒక గ్రూపు. మిగతా వాటి సంగతి ఎలా ఉన్నా, ఈ చివరిది ప్రాణాల మీదకు తెస్తుంది. అందుకే కటువుగా చెబుతున్నాను: గ్రూపు వేరు, సమావేశం వేరు.

తప్పు ముందుగా నాదే. పదవీ విరమణ తరువాత, మద్యం మానడానికి చికిత్స పొందుతున్న పద్నాలుగు మందితో నేనూ ఒక గ్రూపు పెట్టాను. ఒకనాటి అర్ధరాత్రి ఒక యువకుడు చేతులు వణుకుతున్నాయని, నిద్ర రావడం లేదని అందులో రాశాడు. తెల్లవారేసరికి దాని కింద ఏడు నమస్కారపు బొమ్మలు, ఒక గులాబీ పువ్వు, ఒక ఇంటిస్థలం ప్రకటన ఉన్నాయి. అతనికి బదులిచ్చిన మనిషి ఒక్కడూ లేడు. నేను ఎనిమిది గంటలకు చూశాను. అప్పటికే ఫిట్స్ వచ్చి అతన్ని ఆసుపత్రిలో చేర్చారు. అదృష్టవశాత్తు బతికాడు. అంతకుముందే అతని నంబరును గుర్తుపట్టిన గ్రూపు సభ్యుడొకరు, ఈయన తాగుడు మానడానికి మందులు వాడుతున్నాడని ఊరంతా చాటారు. రోగి రహస్యాన్ని కాపాడతానని ప్రమాణం చేసిన వైద్యుడిని, పద్నాలుగు నంబర్లను నా చేతులతోనే బయటపెట్టాను.

ఒక తాగుబోతుకు మరో తాగుబోతు మాట మందుగా పనిచేస్తుందన్న సత్యం కొత్తది కాదు. 1935లో అమెరికాలోని ఏక్రన్ నగరంలో, మద్యం మానడానికి తంటాలు పడుతున్న బిల్ విల్సన్ తాను దిగిన హోటల్ నుంచి ఫోన్లు చేసి, తనవంటి మరో బాధితుని కోసం వెతికాడు. అలా దొరికినవాడు బాబ్ స్మిత్ అనే శస్త్రవైద్యుడు. ఆల్కహాలిక్స్ అనానిమస్ అక్కడే పుట్టింది. ఇంటిపేరు చెప్పనవసరం లేదు, రుసుము లేదు, ఒకరు మాట్లాడుతుంటే మిగతావారు అడ్డుపడరు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి హాళ్ళు మూతపడినప్పుడు, మన దేశంలోనూ ఈ బృందాలు జూమ్‌లోకి మారాయి. క్రమం మారలేదు, గది మాత్రమే మారింది. ఆ రోజుల్లోనే మద్యం హఠాత్తుగా ఆగి మతి చలించినవారు హైదరాబాద్ ఎర్రగడ్డ ఆసుపత్రికి వరుస కట్టారు. ఆ జులై చివర ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజర్ తాగి పదిమందికి పైగా మరణించారు. వ్యసనం ఎంతటి బలమైన రోగమో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

మా అనంతపురం నేలకు ఈ విషయం మరింత దగ్గరది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే సీమ ఇది. వేరుశనగ పోయిన ఏడు మనుషులు బెంగళూరుకు, కేరళకు వలసపోతారు. కళ్యాణదుర్గంలో చికిత్స మొదలుపెట్టినవాడు నెల తిరక్కుండా బెంగళూరులో కట్టడం పనిలో ఉంటాడు. వారం వారం ఆసుపత్రి వరండాలో కూర్చోమంటే ఎలా వస్తాడు? ముఖాముఖి కలవడమే మేలని వాదించే మిత్రులారా, నిజమే, మేలే. కాని వలసపోయినవాడి వెంట వెళ్ళగలిగేది ఫోను ఒక్కటే.

అందులోనూ రాత కాదు, గొంతు కావాలి. చదువు రానివాడు రాతలో మూగవాడవుతాడు. చదువుకున్నవాడు కూడా "బాగున్నాను" అని టైపు చేసి దాటవేయగలడు. గొంతులోని వణుకును దాచడం అంత సులువు కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాను ఎదిరించినది అక్షరాస్యతా కేంద్రాల నుంచే. అయితే అక్కడ చదివిన పాఠం నలుగురూ కూర్చుని మాట్లాడుకున్నాకనే ఉద్యమమైంది. మన రచ్చకట్ట ధర్మం కూడా అదే.

నిర్వహణ కష్టమేమీ కాదు. వారానికి ఒక రోజు, మారని సమయం. ఎనిమిది మందికి మించకూడదు. మనిషికి నాలుగు నిమిషాల చొప్పున 32 నిమిషాలు, ఆరంభానికీ ముగింపుకూ మరో ఎనిమిది. జూమ్ ఉచితంగా ఇచ్చే 40 నిమిషాలు సరిగ్గా సరిపోతాయి. వీడియో ఆపివేసి, మారుపేరు పెట్టుకోవచ్చు. మీటల ఫోను ఉన్నవారిని కాన్ఫరెన్స్ కాల్‌లో నలుగురైదుగురిగా కలపవచ్చు. అందులో ఒకరి నంబరు మరొకరికి కనిపించదు. నడిపేవాడు మద్యం మానిన మనిషైతే మంచిది. వరుసగా పేరు పిలవాలి. ఎవరైనా మౌనంగా ఉండదలచుకుంటే ఉండనివ్వాలి. సలహాలు, మందలింపులు, రికార్డింగ్ కూడదు. రెండు వారాలు రానివానికి నిర్వాహకుడు స్వయంగా ఫోన్ చేయాలి.

వైద్యుడు అధ్యక్షత వహించవద్దా అని అడుగుతారు. వద్దంటాను. మేము నోరు తెరిస్తే అది ఉపన్యాసమవుతుంది. ఒకరు మాట్లాడితే వందలమంది నోళ్ళు మూసుకుని వినే టెలికాన్ఫరెన్సులు ప్రభుత్వోద్యోగంలో నేను చాలా చూశాను. వాటిని సమావేశాలనడం భాషకే అన్యాయం. వైద్యుని పని వేరే ఉంది. రోజూ తాగేవాడు ఒక్కసారిగా మానితే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్, రెండు నుంచి నాలుగు రోజుల మధ్య ప్రాణాంతకమైన మతిభ్రమణ రావచ్చు. ఆ దశలో ఏ ఫోను సమావేశమూ పనికిరాదు. ఆసుపత్రిలో చేర్చి, బి1 విటమిన్‌తో సహా చికిత్స చేయవలసిందే. సమావేశం పని ఆ తరువాతది, మళ్ళీ గ్లాసు పట్టకుండా చూడడం.

2022 అక్టోబరులో ఆరంభమైన టెలీ మానస్, 14416 నంబరులో, మానసిక సమస్యలకు ఉచితంగా సలహా ఇస్తుంది. దానిని వాడుకోండి. కాని అది ఒకరితో ఒకరి సంభాషణ. తోటి బాధితుల నడుమ కూర్చునే చోటు కాదు. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రమూ వారానికి ఒక గంట, ఒక ఫోను, శిక్షణ పొందిన ఒక మనిషిని ఇందుకు కేటాయించాలి. ఇందుకు కొత్త భవనం అక్కరలేదు, శంకుస్థాపన అక్కరలేదు. బహుశా అందుకే ఎవరికీ ఆసక్తి లేదేమో.

నేను నా గ్రూపును మూసివేశాను. ఇప్పుడు ఆదివారం రాత్రి ఎనిమిది గంటలకు ఆరుగురం ఫోనులో కలుస్తున్నాం. నడిపేది నేను కాదు, ఆ రోజు ఫిట్స్ వచ్చిన యువకుడే. నేను వింటాను.