మోర్ధానా పిల్లలకు ఒక తాత జాబు



మన ఊళ్లో పొద్దున్నే ఊరికే నడిచే మనిషిని చూస్తే ఇప్పటికీ "ఏం, పనేం లేదా?" అంటారు. మా కాలానికి అది న్యాయమైన మాటే. కపిల తోలేవాడికి, మడిలో నాట్లేసి కట్టెలమోపు నెత్తినెత్తుకొచ్చే ఆడమనిషికి వేరే వ్యాయామం ఎందుకు? ఇప్పుడు నీళ్లకు మోటారు, దుక్కికి ట్రాక్టరు, నాలుగిళ్ల అవతలి అంగడికి కూడా బైకు! ఆ చాకిరీ పోయిందని నాకేం బెంగ లేదు, దానితో నడుములు పడిపోయినవాళ్లను చూశాను. చాకిరీ పోయినా తినే అన్నం మాత్రం తగ్గలేదు.

2014లో వచ్చిన ఐసీఎంఆర్-ఇండియాబ్ షుగరు సర్వేలో మన తమిళనాడూ ఉంది. పల్లెల్లో సైతం సగం మందికి చాలినంత కదలిక లేదని అందులో తేలింది. సరదాకి ఆడేవాళ్లు, నడిచేవాళ్లు నూటికి పదిమంది కూడా లేరట. 2021 నుంచి 'మక్కళై తేడి మరుత్తువం' (జనాన్ని వెతుక్కుంటూ వైద్యం) పేరిట ప్రభుత్వం వాళ్లు బీపీ, షుగరు మాత్రలు ఇంటికే తెచ్చిస్తున్నారు. మంచి పనే. కానీ ఆ మాత్రల అవసరం మీకు ఎంత ఆలస్యంగా వస్తే అంత మేలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పేది వారానికి 150 నిమిషాల చురుకైన నడక, పిల్లలకు రోజూ గంట ఆట.

అబ్బాయిలు సాయంత్రం క్రికెట్టు ఆడుతున్నారు, సంతోషం. మరి అమ్మాయిలేరీ? పెద్దమనిషి కాగానే తొక్కుడుబిళ్ల కూడా మాన్పించేస్తాం. గుడియాత్తం చుట్టుపక్కల బీడీలు చుట్టే, అగ్గిపెట్టెల పని చేసే ఆడవాళ్లు పొద్దంతా కూర్చునే ఉంటారు. కష్టమే, కాళ్లు కదలని కష్టం. వాళ్లు వీధిలో నడవాలంటే అడ్డం దూరం కాదు, అరుగుల మీది మన చూపులే. ఈ మాట ముసలాళ్లకు నేను చెబుతాను, మీరు మీ అమ్మలను బయల్దేరదీయండి.

2024లో ప్రభుత్వం పంచాయతీలకు ఆటసామాను పంచింది. మన వాటా ఎక్కడుందో అడగండి. వాలీబాల్ ముందు ఆడపిల్లల చేతికివ్వండి.

ఒక్క జాగ్రత్త. చీకట్లో మన ఆనకట్ట వైపు పోవద్దు, ఆ పక్క కౌండిన్య అడవి ఏనుగులు తిరిగే చోటు. తెల్లవారాక గుంపుగా వెళ్లండి.

ఆదివారం పొద్దున నడకకు బడి దగ్గరుంటాను. మోకాళ్ల నొప్పులవాళ్లను నాతో వదిలేసి మీరు ముందుకు పోండి.

మీ తాత