దిండు కింద మాత్రలు

మొన్న దసరా సెలవులకు మా అక్కయ్యగారి ఊరు వెళ్ళాను. అక్కయ్య కూతురు పురిటికి వచ్చి ఉంది. పిల్లవాడు పుట్టి ఐదు వారాలు. నేను వెళ్ళేసరికి ఇల్లంతా సాంబ్రాణి పొగ, మంచం మీద రెండు దుప్పట్లు కప్పుకుని వణుకుతున్న బాలింత, ఉయ్యాలలో గుక్కపట్టి ఏడుస్తున్న పసివాడు. పిల్ల చెయ్యి పట్టుకు చూద్దును గదా, నిప్పు! ఎడమ రొమ్ము ఎర్రగా కంది, గట్టిపడి, తాకితే ప్రాణం పోతున్నదట.

"డాక్టరుకు చూపించలేదా?" అన్నాను.

"చూపించకేం? రెండు రోజులనించీ మాత్రలు వేసుకుంటూనే ఉంది. తగ్గడం లేదు" అంది అక్కయ్య.

పక్క సర్దుదామని దిండు ఎత్తాను. మాత్రల అట్ట, డాక్టరు రాసిన చీటీ దాని కింద ఉన్నాయి. అట్టలో ఒక్క మాత్ర కూడా తగ్గలేదు.

"ఏమిటే ఇది?"

"పిన్నీ, అరవకు. అమ్మకు చెప్పకు. మింగితే పాలలోకి దిగి వీడికేమన్నా అవుతుందని భయమేసింది. నా జ్వరం నాలుగు రోజులుండి పోతుంది. వీడికేమన్నా అయితే?"

కూతురు ఇక్కడ పాలకోసం మాత్రలు దాచింది. తల్లి అక్కడ మాత్రలకోసం పాలు మాన్పించాలని వంటింట్లో పాలపొడి డబ్బా తెచ్చి పెట్టింది! తల్లిపాలే బిడ్డకు మేలని ఆ డబ్బా మీదే అచ్చువేసి తీరాలని మన దేశంలో 1992లో చట్టం చేశారు. ఆ మాట డబ్బా మీద ఉండనే ఉంది. చదివినవాళ్ళు లేరు, అంతే.

"చదువుకున్నదానివి, నువ్వే చెప్పవే" అంది అక్కయ్య. నేను చదివింది తెలుగు ఎం.ఏ. పిల్లలకు ఛందస్సు చెప్పగలను గాని బాలింతకు మందు చెప్పగలనా? చీటీ రాసిన డాక్టరమ్మకే ఫోను చేశాను. ఆవిడ నన్నే కోప్పడింది.

"ఆ అమ్మాయి పాలిస్తున్నదని తెలిసే గదండీ రాశాను! మాత్రలూ వేసుకోమనండి, పాలూ ఇమ్మనండి. ఆ పాలవల్ల బిడ్డకేమీ కాదు. ఉన్నట్టుండి పాలివ్వడం మానేస్తేనే రొమ్ములో చీముగడ్డ లేచే భయం."

ఆవిడ చెప్పిందీ, తరువాత నేను చదివి తెలుసుకున్నదీ కలిపి మీతో చెబుతాను.

మింగిన మందు రక్తంలో కలుస్తుంది. రక్తంలోంచి పాలలోకి దిగేది సాధారణంగా చాలా కొంచెం. కొన్ని మందులు రక్తంలోని మాంసకృత్తులను అంటిపెట్టుకుని ఇవతలికి రావు. హెపారిన్ వంటి వాటి అణువు మరీ పెద్దది, గడప దాటదు. ఇన్సులిన్ కాస్త దిగినా బిడ్డ కడుపులో అరిగిపోతుంది. ఒంటి బరువు లెక్కన చూసి, తల్లి మోతాదులో నూటికి పది పాళ్ళకు లోపు బిడ్డకు చేరితే సాధారణంగా భయం లేదని వైద్యుల కొలత. అమాక్సిసిలిన్ వంటివి ఒక పాలుకు అటూ ఇటూగా ఉంటాయి. పారాసిటమాల్, ఐబూప్రొఫెన్, చాలా రకాల యాంటీబయాటిక్‌లు, థైరాయిడ్ తక్కువైనవారు వేసుకునే థైరాక్సిన్, వీటికోసం పాలు మానక్కరలేదు. క్షయకు మామూలుగా ఇచ్చే మందులు వాడుతున్న తల్లి కూడా పాలివ్వవచ్చు. బిడ్డకు రక్షణగా ఏం ఇవ్వాలో డాక్టరే చెబుతారు.

అట్లా అని అన్ని మందులూ ఒకటి కావు. కోడీన్ కలిసిన దగ్గుమందునే చూడండి. దాన్ని మన ఒళ్ళు మార్ఫిన్‌గా మారుస్తుంది. కొందరి ఒంట్లో ఆ మార్పు మరీ తొందరగా, మరీ ఎక్కువగా జరుగుతుంది. అది పాలలోకి దిగితే బిడ్డ మత్తుగా పడి ఉంటాడు, ఊపిరి మందగిస్తుంది. అందుకే కోడీన్, ట్రమడాల్ రెండూ పాలిచ్చే తల్లులకు తగవని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో హెచ్చరించింది. కాన్సర్ మందులకూ, రేడియోధార్మిక అయొడిన్ చికిత్సకూ పాలు మానవలసిందే. లిథియం వంటివి వాడితే తల్లినీ బిడ్డనీ కనిపెట్టి చూడాలి. ఇంకొన్ని బిడ్డను బాధించవు గాని పాలను తగ్గిస్తాయి. జలుబు మాత్రల్లో ఉండే సూడోఎఫెడ్రిన్, ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు ఆ బాపతు.

"ఇంగ్లీషు మందులు సరే, నాటుమందులకేం?" అంటారేమో. వెనక పాలు ఇంకిపోవడానికి మల్లెపూలు కట్టేవారు. నవ్వకండి. పాలు ఇంకించడంలో ఆ పూలు బ్రోమోక్రిప్టిన్ మాత్రకు తీసిపోలేదని 1988లో ఒక వైద్య పత్రికలో ప్రకటించారు. పైన కట్టిన పువ్వే అంత పని చేస్తే, కడుపులోకి పోయే లేహ్యాన్నీ కషాయాన్నీ "ఏం కాదులే" అని తోసెయ్యడం న్యాయమా? అవీ డాక్టరుతో చెప్పండి.

క్లాసులో భాగవతం చెబుతున్నప్పుడు పూతన ఘట్టం వస్తుంది. పూతన విషం మింగలేదు, చనుమొనలకు పూసుకుంది. బిడ్డ నోట్లోకి సూటిగా పోయేది పైపూతే గదా! పగుళ్ళకు ఏ మందు రాసుకుంటున్నా, పాలిచ్చేముందు తుడవాలో అక్కరలేదో అడిగి తెలుసుకోండి.

మందు రాయించుకునేటప్పుడు నాలుగు మాటలు మరిచిపోవద్దు. పాలిస్తున్నానని మీరే ముందు చెప్పండి. బిడ్డ వయసు చెప్పండి, నెలలు నిండకుండా పుట్టి ఉంటే అదీ చెప్పండి. నెలలు నిండని బిడ్డలకూ, రెండు నెలల్లోపు పసికందులకూ మందును విరిచి బయటికి పంపే శక్తి తక్కువ. మాత్ర ఎప్పుడు వేసుకోవాలో అడగండి. చాలా మందులకు పాలిచ్చిన వెంటనే వేసుకోవడం మేలు. బిడ్డలో ఏం కనిపెట్టాలో అడగండి. మత్తు, విరేచనాలు, ఒంటిమీద దద్దు, పాలు తాగకపోవడం కనిపిస్తే వెంటనే చూపించండి. "పాలిచ్చేవారు వాడరాదు" అని మందుతో వచ్చే కాగితం మీద ఉంటే బెదిరిపోకండి. పాలిచ్చే తల్లులమీద పరీక్షలు చేయనందువల్లే చాలాసార్లు అట్లా రాస్తారు. డాక్టరుకు సందేహం వస్తే చూసుకునేందుకు, 2006 నించీ అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం లాక్ట్‌మెడ్ అనే సమాచార సంపుటిని ఉచితంగా అందరికీ అందిస్తున్నది.

ఇన్ని మాటలు నాకెందుకంటే, ఇరవయ్యేళ్ళ కిందట నాకూ ఇదే జ్వరం వచ్చింది. అప్పుడు చూసిన డాక్టరు, మాత్రలు వేసుకున్నన్నాళ్ళూ పాలు మాన్పించమన్నారు. వారం రోజులు మాన్పించాను. మళ్ళీ పట్టబోతే పాలూ లేవు, వాడూ పట్టలేదు. సీసాపాలు పట్టిన నెలలోనే విరేచనాలు పట్టుకుని వాడికి ఆసుపత్రిలో రెండు రాత్రులు సెలైన్ ఎక్కించారు. ఇప్పుడు వాడు నాకన్నా జానెడు పొడుగు, లోటేమీ లేదు. ఆ మాత్ర పేరు మాత్రం నేను మరిచిపోలేదు. మొన్న ఫోనులో ఆ పేరు చెప్పి అడిగాను. డాక్టరమ్మ ఒక క్షణం ఊరుకుని, "దానికి పాలు మానక్కరలేదండీ" అంది.

ఆ మధ్యాహ్నం పిల్లవాడికి పాలిచ్చి, నా ఎదుటే మొదటి మాత్ర మింగింది మా పిల్ల. మూడోనాటికి జ్వరం దిగింది. పాలపొడి డబ్బా మూత తీయకుండానే దుకాణానికి తిరిగి వెళ్ళింది.

మీ ఇంట్లో బాలింత ఉండి, మందు వాడుతున్నా జ్వరం తగ్గలేదంటే, ఒకసారి దిండు ఎత్తి చూడండి. మాత్రలు కనిపిస్తే కోప్పడకండి. పక్కన కూర్చుని డాక్టరుకు ఫోను చెయ్యండి.