కార్మికుని ఆరోగ్యం - యాజమాన్యపు లెక్క

ఆరోగ్యమే మహాభాగ్యమని మనం తరచుగా అంటూ ఉంటాం. కాని సంస్థల జమాఖర్చుల పుస్తకాలలో ఆ భాగ్యం ఖర్చు పద్దు క్రిందనే కనిపిస్తుంది. ఉద్యోగుల వైద్యవ్యయాన్ని అదుపులో ఉంచుకొనడం ఎట్లా అన్న ప్రశ్న నేడు ప్రతి యాజమాన్యాన్నీ వేధిస్తున్నది. మన విద్యార్థులలో కొందరు రేపు ఆ లెక్కలు వ్రాయవలసినవారే. తక్కినవారు ఆ లెక్కలలో ఒక అంకెగా చేరవలసినవారే. కాబట్టి ఇది మనమందరం ఆలోచింపదగిన విషయం.

వ్యయాన్ని తగ్గించడం వేరు, దానిని మరొకరి నెత్తిన వేయడం వేరు. ఈ భేదాన్ని గుర్తింపకపోవడం వల్లనే చిక్కులన్నీ వస్తున్నాయి.

భారాన్ని పదిమందీ పంచుకొనే మార్గం మన దేశానికి కొత్తది కాదు. కార్మిక రాజ్య బీమా చట్టం 1948లో వచ్చింది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరులో ప్రధాని నెహ్రూ ఆ పథకాన్ని ప్రారంభించారు. 2019 జూలైలో చందాలను తగ్గించి, వేతనంలో యజమాని వంతు 3.25 శాతంగా, కార్మికుని వంతు 0.75 శాతంగా నిర్ణయించారు. అనగా 15,000 రూపాయల వేతనంపై యజమాని చెల్లించేది 487 రూపాయల 50 పైసలు. కార్మికుడు చెల్లించేది 112 రూపాయల 50 పైసలు. దీనికి ప్రతిఫలంగా కుటుంబానికి వైద్యం, జబ్బుపడిన కాలంలో ఏడాదికి 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం భత్యం లభిస్తాయి. ఇరవైమంది పనిచేసే చిన్న కార్ఖానా ఒక్క గుండె ఆపరేషను ఖర్చును ఒంటరిగా మోయలేదు. ఉమ్మడి నిధి మోయగలదు.

ఈ పథకపు వేతన పరిమితిని 2017 జనవరిలో 21,000 రూపాయలకు పెంచారు. అంతకు మించిన జీతం గలవారి కొరకు అనేక సంస్థలు బృంద బీమా తీసుకుంటాయి. గడచిన ఏడాది ఎంత సొమ్ము చెల్లించవలసి వచ్చిందో చూచుకొని బీమా కంపెనీ మరుసటి ఏటి ప్రీమియం నిర్ణయిస్తుంది. అది పెరగగానే కొన్ని యాజమాన్యాలు ఉద్యోగుల తల్లిదండ్రులను జాబితానుండి తొలగిస్తాయి. లేదా ప్రతి బిల్లులోను కొంత భాగం ఉద్యోగియే భరించాలంటాయి.

ఇట్టి పద్ధతి ఫలితమెట్లుంటుందో అమెరికా అనుభవం చెబుతున్నది. ర్యాండ్ సంస్థ అక్కడ 1970లలో చేపట్టి 1982లో ముగించిన ఆరోగ్య బీమా ప్రయోగంలో, ఖర్చులో వాటా భరించవలసినవారు వైద్యం తక్కువగా చేయించుకొన్నారు. అయితే వారు అనవసర వైద్యాన్ని ఎంతగా మానుకొన్నారో అవసరమైనదానిని కూడా దాదాపు అంతగానే మానుకొన్నారు. రక్తపు పోటు గల పేదలలో, ఉచిత వైద్యం పొందినవారికే అది మెరుగుగా అదుపులో ఉన్నది.

గోటితో పోయేదానిని గొడ్డలిదాకా తెచ్చుకొనడమంటే ఇదే. రక్తపు పోటు, చక్కెర వ్యాధి లోలోపల పెరుగుతాయి. వాటిని తొలినాళ్లలో కనిపెట్టే పరీక్షకు అయ్యే ఖర్చు స్వల్పం. మూత్రపిండాలు చెడిన తరువాత వారానికి రెండు మూడుసార్లు డయాలిసిస్ చేయించవలసి వస్తుంది. రాతిపొడి వల్ల కలిగే సిలికోసిస్‌కు మందే లేదు; కాని నీరు చల్లి, దుమ్మును పీల్చే యంత్రం అమర్చి ఆ దుమ్మును చాలావరకు అణచవచ్చు.

నివారణకు పెట్టిన ప్రతి రూపాయీ ఆ ఏడాదే తిరిగి వస్తుందని నేను అనను. పరీక్షల పేరిట దుబారా కూడా జరుగుతుంది. కనుక పనిని బట్టి పరీక్షలను ఎన్నుకోవాలి. డ్రైవరుకు కన్నులు, దుమ్ములో పనిచేసేవానికి ఊపిరితిత్తులు, నడివయస్సు వారికి రక్తపు పోటు, చక్కెర చూస్తే చాలు.

అన్నింటికంటె ముఖ్యమైనది నమ్మకం. పరీక్షలో తేలిన జబ్బు ఉద్యోగానికే ఎసరు పెడుతుందని భయపడిన కార్మికుడు దానిని దాచుకుంటాడు. దాచిన జబ్బు చివరకు పెద్దాసుపత్రి బిల్లుగానే బయటపడుతుంది. అందువల్ల పరీక్షా ఫలితాలు వైద్యునికీ రోగికీ మధ్యనే ఉండాలి. జబ్బు కారణంగా ఎవరినీ తొలగించబోమని యాజమాన్యం వ్రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి. ఈ హామీకి ఖర్చేమీ లేదు. రేపు లెక్కల పుస్తకం ముందు కూర్చుండబోయే మన విద్యార్థులు వైద్యవ్యయపు పద్దును కొట్టివేయబోయే ముందు, ఆ భారం ఎవరిమీదికి పోతున్నదో ఒక్కసారి చూడవలెనని నా మనవి.