అదిరే బల్లలు ఎముకల్ని కాపాడతాయా?

ముట్లుడిగిన ఆడవాళ్ళ ఎముకలు ఇప్పుడొక మార్కెట్. రోజూ కాసేపు ఎక్కి నిలబడితే చాలు, ఒళ్ళంతా అదిరి గుల్లబారిన ఎముకలు గట్టిపడతాయని చెప్పి వైబ్రేషన్ యంత్రాలు అమ్ముతున్నారు. విజయవాడలో మా సమావేశాలకు వచ్చే స్త్రీలు "కొనుక్కోమంటారా?" అని అడుగుతున్నారు. వద్దనే నా జవాబు.

ఈ మాట నిజమో కాదో ఇప్పటికే పరీక్షించి చూశారు. కెనడాలోని టొరంటోలో, ముట్లుడిగి ఎముకల సాంద్రత తగ్గిన 202 మంది స్త్రీలపై జరిగిన అధ్యయనం 2011లో వెలువడింది. అందరికీ కాల్షియం, విటమిన్ డి ఇచ్చారు. కొందరిని మాత్రం ఏడాదిపాటు రోజూ 20 నిమిషాలు యంత్రం మీద నిలబడమన్నారు. చివరికి యంత్రం ఎక్కినవాళ్ళ ఎముకలకూ ఎక్కనివాళ్ళ ఎముకలకూ తేడా కనిపించలేదు. ఇంకా గట్టిగా అదిరే యంత్రాలతో చేసిన చిన్న చిన్న అధ్యయనాల ఫలితాలకు ఒకదానితో ఒకదానికి పొంతన లేదు. ఇంత బలహీనమైన ఆధారంతో ఆడవాళ్ళ దగ్గర వేలకు వేలు గుంజడం న్యాయమా?

అసలు మన స్త్రీల ఎముకలు ముందుగానే ఎందుకు గుల్లబారుతున్నాయో ఈ అమ్మకందార్లు చెప్పరు. ఒంట్లో ఈస్ట్రోజన్ తగ్గితే ఎముక క్షీణిస్తుంది. గర్భసంచితో పాటు అండాశయాలూ తీసేస్తే ఆ రోజు నుంచే ఈస్ట్రోజన్ పడిపోతుంది. అండాశయాలు ఉంచినా ముట్లుడిగే దశ ముందుగా వచ్చే అవకాశం ఎక్కువ. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీసేసినవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. కృష్ణా డెల్టాలో నాట్లకు, కలుపుకు వంగే కూలి స్త్రీకి నడుమే జీవనాధారం. ఆ నడుము విరిగితే ఇల్లు గడవదు.

అనవసరమైన గర్భసంచి ఆపరేషన్లను అరికట్టే కేంద్ర మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలుచేయాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో రాష్ట్రాలను ఆదేశించింది. మన జిల్లాల్లో ఏ ఆసుపత్రి, ఏ వయసు స్త్రీలకు, ఏ కారణంతో ఈ ఆపరేషన్లు చేసిందో సంఘాలు సమాచార హక్కు కింద అడగాలి. ఆపరేషన్‌కు ముందే ఎముకలకు కలగబోయే నష్టం గురించి తెలుగులో రాసివ్వాలని పట్టుబట్టాలి. ఎముకల సాంద్రత పరీక్ష, కాల్షియం, వారానికొకటి వేసుకునే అలెండ్రోనేట్ మాత్ర అవసరమైన ప్రతి స్త్రీకీ ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా అందాలి. బరువులతో చేసే వ్యాయామం ఎముకల సాంద్రతను పెంచగలదని 2018లో వెలువడిన ఆస్ట్రేలియా అధ్యయనం చూపింది. అయితే అది శిక్షకుల పర్యవేక్షణలో జరిగింది. అలాంటి శిక్షకులను కూడా ప్రభుత్వాసుపత్రుల్లోనే నియమించమని అడుగుదాం.

యంత్రం కొనుక్కునే స్తోమత ఉన్నవాళ్ళకూ లేనివాళ్ళకూ పనికొచ్చే వైద్యం ఇది. మన హక్కు కూడా ఇదే.