చూసినందుకు ఇవ్వం, మార్చినందుకు ఇస్తాం

ఈసారి మిర్చి రేటు గురించి కాదు, నా కారు గురించి రాస్తున్నా. కారు లేనివాళ్లు కూడా చివరిదాకా చదవండి. ఇది పొలానికీ పనికొచ్చే మాటే.

నాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న పెట్రోలు కారు. నెల కిందట మీటర్ బోర్డులో ఇంజిన్ బొమ్మ లైటు పసుప్పచ్చగా వెలిగింది. బండి మాత్రం మామూలుగానే నడుస్తోంది. మెకానిక్ స్కానర్ పెడితే పీ0135 అని కోడ్ వచ్చింది. మీటర్ పెట్టి చూసి, "వైరులో 12 వోల్టులు వస్తున్నాయి, కాబట్టి ఆక్సిజన్ సెన్సర్‌లో హీటరే పోయింది, మార్చాల్సిందే" అన్నాడు. 6,800 రూపాయలు. ఐదు బస్తాల డీఏపీ డబ్బు. సరే అన్నా. నాలుగో రోజు లైటు మళ్లీ వెలిగింది. ఈసారి "కంప్యూటర్ బాక్సు పోయినట్టుంది" అన్నాడు. దాని రేటు విని కారు ఇంటికి తెచ్చేశా.

అసలా హీటర్ ఏంటో చెప్తా. సైలెన్సర్ గొట్టంలోకి బిగించి ఉండే ఈ సెన్సర్, పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో చెప్తుంది. దాన్నిబట్టి కంప్యూటర్ పెట్రోలు పెంచడమో తగ్గించడమో చేస్తుంది. కానీ సుమారు 300 డిగ్రీలు దాటి వేడెక్కితే తప్ప సెన్సర్ సరిగా పనిచెయ్యదు. పొగ వేడికే కాగేదాకా ఆగకుండా లోపల చిన్న హీటర్ పెట్టారు. అది పనిచెయ్యకపోతే బండి ఆగిపోదు గానీ, స్టార్ట్ చేసిన కొత్తలో పెట్రోలు ఎక్కువ తాగుతుంది. పైగా ఆ లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటే, రేపు ఇంకో జబ్బొచ్చినా మనకు తెలీదు.

ఇక కోడ్ సంగతి. పీ0135 అంటే హీటర్ సర్క్యూట్‌లో తేడా ఉందని అర్థం. సెన్సర్ పోయిందని కాదు. సర్క్యూట్ అంటే ఫ్యూజు, వైరు, కనెక్టర్, సెన్సర్‌లోని హీటర్, రెండోవైపు ఎర్త్ ఇచ్చే కంప్యూటర్, ఇవన్నీ కలిపి. మన మిర్చిలో ముడత లాంటిదే ఇదీ. ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. ఆకు తిప్పి చూడకుండా షాపుకెళ్లి "ముడత మందు ఇవ్వు" అంటే ఏం జరుగుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

చివరికి మండలంలో బ్యాటరీ, డైనమో పనులు చేసే కుర్రాడి దగ్గరికి తీసుకెళ్లా. ఇంజిన్ చల్లారాక, తాళం తీసి, సెన్సర్ కనెక్టర్ విప్పాడు. నాలుగు వైర్ల సెన్సర్‌లో రెండు వైర్లు హీటర్‌వి, మామూలుగా రెండూ ఒకే రంగులో ఉంటాయి. వాటి మధ్య మీటర్ పెడితే ఆరు ఓములు చూపించింది. డిక్కీలో పడేసిన నా పాత సెన్సర్‌కి పెట్టినా అదే ఆరు! అంటే పాతదాని హీటర్ బాగానే ఉంది. పోయి ఉంటే అసలు దారే చూపించదు, మన మోటారు వైండింగ్ తెగినట్టే.

తర్వాత బండి వైపు కనెక్టర్‌లో మీటర్ పెడితే 12 వోల్టులు. మెకానిక్ చెప్పింది అబద్ధం కాదు. కుర్రాడు మాత్రం అక్కడ ఆగలేదు. మీటర్ తీసి, బండి ఇండికేటర్ బల్బు ఒకటి తగిలించాడు. అది గుడ్డిగా, ఎర్రగా మినుకుమంది.

"బాబాయ్, మీటరుకి వోల్టు కనపడితే చాలు. హీటరుకి కరెంటు కావాలి" అన్నాడు.

మనకు తెలియనిదా? స్టార్టర్ దగ్గర వోల్టేజీ బాగానే కనపడుతుంది, బటన్ నొక్కగానే పడిపోతుంది, మోటారు ఎత్తుకోదు. ఎక్కడో జాయింటు కాలి ఉంటుంది. వైరు వెంట వెతికితే దొరికింది. ఎలుక కొరికిన చోట రెండు మూడు పోగులే మిగిలాయి. కారు పెట్టేది మొక్కజొన్న బస్తాల పక్కనే మరి. వైరు అతికి, స్లీవ్ వేసి, కోడ్ చెరిపాడు. ముప్పావు గంట పని. మూడొందలు అడిగాడు. మూడు వారాలైంది, లైటు మళ్లీ రాలేదు.

మీకూ ఈ కోడ్ వస్తే వరస గుర్తుపెట్టుకోండి: ముందు ఫ్యూజు, తర్వాత హీటర్ ఓములు, తర్వాత బల్బు పెట్టి సప్లై, ఆ తర్వాత ఎర్త్ వైపు వైరు. ఇవన్నీ బాగున్నాకే కంప్యూటర్ మీద అనుమానం. కొన్ని బండ్లలో ఇంజిన్ నడుస్తున్నప్పుడే సప్లై వస్తుంది, అదీ చూసుకోవాలి. మోటారుకి వాడే 230 వోల్టుల సిరీస్ ల్యాంప్ మాత్రం కారు దగ్గరికి తీసుకురావద్దు.

ఇప్పుడు నా అభిప్రాయం. మొదటి మెకానిక్ మోసగాడని నేననను. తప్పులో సగం మనదే. "చూసినందుకు 500 ఇస్తా, తీరిగ్గా చూడు" అని మనలో ఎంతమంది అంటాం? బానెట్ ఎత్తి గంట వెతికినవాడికి "ఏం మార్చావని డబ్బులు?" అంటాం. పార్టు మారిస్తే మాత్రం ఆరు వేలైనా లెక్కపెట్టి ఇస్తాం. అలాంటప్పుడు వాడు పార్టు మార్చక ఏం చేస్తాడు? పురుగుమందుల షాపులో సలహా ఉచితం, మందుకే డబ్బు. ఆ ఉచిత సలహా వల్ల ఎన్ని ఎకరాలు అనవసరంగా తడిపామో మనకే తెలుసు.

అందుకే ఆ కుర్రాడు మూడొందలు అడిగితే ఐదొందలు ఇచ్చా. అప్పుడైనా ఎక్కువిచ్చానని అనిపించలేదు.

మీలో ఎవరికైనా పార్టు మార్చాక కూడా లైటు మళ్లీ వెలిగి ఉంటే, చివరికి తేడా ఎక్కడ దొరికిందో కింద రాయండి. ఇంకొకరికి ఐదు బస్తాల డబ్బు మిగులుతుంది.